పూచీ పడిన పల్లె

జర్మనీలో కోటలనూ ద్రాక్షతోటలనూ చూడవచ్చినవారు సాధారణంగా రైన్ నది ఒడ్డునే ఆగిపోతారు. నదికి తూర్పున లేచే కొండల మీదికి వెళ్లేవారు తక్కువ. కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు పోయే పాతకాలపు వర్తకుల బాట మాత్రం ఆ కొండల మీదుగానే సాగుతుంది. ఇప్పుడది ఎనిమిదో నంబరు రహదారి. ఆ దారి మీద ఆల్టెన్‌కిర్షెన్ జిల్లాలో వైయర్‌బుష్ అనే ఊరు తగులుతుంది. పదిహేను వందల దరిదాపు జనం, ఊరి నడుమ నుంచి పోయే లారీలు, చుట్టూ పచ్చికబీళ్లు, వాటి వెనుక అడవి. పల్లె చరిత్రను ప్రేమించేవారు మాత్రం ఈ ఊరిని ఊరికే దాటిపోకూడదు. గోదావరి జిల్లాల్లో, మెదక్‌లో, కర్నూలులో మన రైతు సొసైటీ ఆఫీసు మెట్లెక్కి పంటరుణం కోసం సంతకం పెట్టడం వెనుక ఈ ఊళ్లో గడిచిన ఒక చలికాలం ఉంది.

ఈ కొండనేలను వెస్టర్‌వాల్డ్ అంటారు. రైన్, జీగ్, లాన్, డిల్ నదులు నాలుగు వైపులా దీనికి హద్దులు. అన్నిటికన్నా ఎత్తైన ఫూక్స్‌కౌటె శిఖరం కూడా 660 మీటర్లకు మించదు. ఎత్తు తక్కువైనా వాతావరణం మెత్తనిది కాదు. వాన ఎక్కువ, వేసవి పొట్టిది, గాలి చల్లనిది. ఆ చలిగాలి మీద జర్మన్లకు పాటలే ఉన్నాయి. కింద నల్ల అగ్గిరాయి, దాని మీద పలుచని మట్టి. దక్షిణాన మంచి బంకమన్ను దొరికే చోట కుమ్మరులు ఉప్పుమెరుగు జాడీలు చేసి దేశమంతా అమ్ముకున్నారు. ఉత్తరాన ఉన్న వైయర్‌బుష్ చుట్టుపక్కల రైతులకు ఆ ఆధారమూ లేదు. రై, ఓట్స్, బంగాళాదుంప, ఒకటో రెండో ఆవులు, ఇదే బతుకు. తండ్రి పొలాన్ని పిల్లలందరికీ పంచే ఆచారం ఉండటంతో తరతరానికీ చెక్కలు చిన్నవయ్యాయి. కొడుకు చేతికి వచ్చే పొలం నాలుగైదు చోట్ల పడిన నాలుగైదు పీలికలు. మన పల్లెల్లో పంపకాల వేళ గట్లు పుట్టడం చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

1815 తర్వాత ఈ ప్రాంతం ప్రష్యా రాజ్యంలో కలిసింది. రైతు పాత దొరల వెట్టి నుంచి బయటపడ్డాడు గాని, ఆ విడుదలకు వెల కట్టవలసి వచ్చింది. పన్ను నాణేల్లో, విడుదల సొమ్ము నాణేల్లో, విత్తనం కొనాలన్నా నాణేల్లో. పండించింది తిని, మిగిలింది మార్చుకుని బతికిన ఇంటికి ఒక్కసారిగా రొక్కం అవసరమైంది. బ్యాంకులు పట్నాల్లో ఉండేవి, వర్తకులకూ భూస్వాములకూ అప్పిచ్చేవి. రెండెకరాల రైతుకు అప్పు పుట్టేది వడ్డీ వ్యాపారి దగ్గరే. అన్నిటిలోకీ పశువుల అప్పు ప్రాణాలు తోడేది. ఆవు చచ్చిపోతే రైతుకు ఎరువు లేదు, పాలు లేవు, కాడి కట్టే జీవం లేదు. వ్యాపారి ఆవును ఇస్తాడు, దాన్ని మేపేది రైతు, సొంతదారు వ్యాపారే. దూడ పుడితే అందులో వాటా. బాకీ తీరేలోగా మంచి ఆవును తోలుకుపోయి బక్క ఆవును కట్టేసిపోవచ్చు. పశువును పాలుకు తీసుకుని మేపిన ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి. ఆ మేపడంలో ఉండే ఆశ, అది చేజారినప్పుడు కలిగే దుఃఖం వారికి తెలుసు.

వైయర్‌బుష్‌కు 1845లో ఒక యువకుడు మేయరుగా వచ్చాడు. పేరు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్. పుట్టింది అక్కడికి దగ్గరలోనే, జీగ్ నది ఒడ్డున ఉన్న హామ్‌లో, 1818 మార్చి 30న. అంతకు ముందు రెండేళ్లు యూరప్ అంతటా పంటలు పోయి జనం మలమలమాడారు. ఆ కరువు కథలు వింటూ పెరిగిన పిల్లవాడు. పదిహేడో ఏట సైన్యంలో చేరాడు. కళ్లజబ్బు వచ్చి ఆ ఉద్యోగం వదులుకుని ప్రభుత్వ పరిపాలన కొలువులోకి మారాడు. పెద్ద చదువు లేదు. హామ్‌లోని పాస్టరు దగ్గర నేర్చుకున్నదే చదువు. వైయర్‌బుష్ మేయరు అంటే ఒక్క ఊరికి కాదు, చుట్టూ ఉన్న చిన్న పల్లెలన్నిటికీ అధికారి. వచ్చీ రాగానే బడి కట్టించే పనిలోనూ, కొండ ఊళ్లను రైన్ ఒడ్డుకు కలిపే రోడ్డు వేయించే పనిలోనూ దిగాడు. ఆ రోడ్డే ఇవాళ ఆయన పేరున ఉంది.

తర్వాత చలికాలం వచ్చింది. 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలింది. ఐర్లండ్‌ను ఊడ్చేసిన తెగులు అదే. 1846లో ధాన్యమూ పండలేదు. ఆ ఏడు చివరికి కొండల్లో ఇళ్లకు ఇళ్లు పస్తులున్నాయి. ప్రష్యా ప్రభుత్వం తన నిల్వల నుంచి పిండి పంపింది. దాంతోపాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది: పిండి రొక్కానికే అమ్మాలి, అప్పు పనికిరాదు. చేతిలో డబ్బున్నవాడికి ఆకలి లేదు, ఆకలి ఉన్నవాడి చేతిలో డబ్బు లేదు. రైఫైజెన్ ఊళ్లోని కలిగినవారిని కూర్చోబెట్టి మాట్లాడాడు. ఉత్తర్వును పక్కన పెట్టి, బాకీ పత్రం రాయించుకుని పిండిని అరువిచ్చారు. కలిగినవారు తలా కొంత సొమ్ము వేసి ఒక సంఘంగా ఏర్పడ్డారు. దాని పేరే వైయర్‌బుష్ రొట్టెల సంఘం. ఆ డబ్బుతో ధాన్యం కొన్నారు, ఊరుమ్మడి బట్టీలో రొట్టె కాల్చారు, బజారు ధరకన్నా బాగా చవగ్గా అమ్మారు, కొనలేనివారికి అరువిచ్చారు. వసంతంలో విత్తనం కూడా ఇలాగే సమకూర్చారు.

ఊరుమ్మడి బట్టీ ఆ కొండ పల్లెలకు కొత్త కాదు. ఇంటింటికీ పొయ్యి రగిలించేంత కట్టె ఉండదు, నిప్పు భయమూ ఎక్కువ. కాబట్టి ఊరికో రొట్టెల బట్టీ ఇల్లు ఉండేది, దాన్ని అక్కడి మాటలో బాకెస్ అంటారు. చాలా ఊళ్లలో ఎవరి వంతు ఎప్పుడన్నది చీట్లు వేసి తేల్చేవారు. చల్లారిన బట్టీని మొదట రాజేసేవారికి కట్టె ఎక్కువ పడుతుంది, తర్వాతివారికి ఆ వేడి కలిసి వస్తుంది. ఎప్పుడూ ఒకే ఇంటి మీద ఆ భారం పడకుండా చీటీ కాపాడేది. రైఫైజెన్ గురించి రాసేవారు ఆయన దయను, దైవభక్తిని ఎక్కువగా చెబుతారు. ఆ రెండూ నిజమే. కాని ఆయన పని నిలబడటానికి ఈ పాత అలవాట్లు కూడా కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది. మొదటి వేడి ఖర్చు ఎవరు భరించాలో తేల్చుకోవడం తెలిసిన ఊళ్లు అవి.

1848లో ఆయనను దగ్గరలోని ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు బదిలీ చేశారు. అక్కడ ఆయన పశువుల అప్పు మీద పట్టుపట్టాడు. 1849 డిసెంబరులో అరవై మంది కలిగిన గృహస్థులు ఒక సహాయ సంఘం పెట్టి, తమ ఆస్తులన్నీ పూచీగా చూపి సొమ్ము తెచ్చారు. ఆ సొమ్ముతో ఆవుల్ని కొని పేద రైతులకు ఇచ్చారు. ఐదేళ్లలో కిస్తులుగా తీర్చవచ్చు. కొట్టంలో కట్టిన ఆవు మొదటిసారి రైతుదైంది. 1852లో రైన్ ఒడ్డున నాయ్‌వీడ్ పక్కనున్న హెడ్డెస్‌డార్ఫ్‌కు మారాడు. అక్కడ 1854లో మరో దాతృత్వ సంఘం. అప్పులివ్వడమే కాక అనాథ పిల్లల్ని చూసుకోవడం, జైలు నుంచి వచ్చినవారికి పని చూపడం కూడా దాని పనుల్లో చేర్చాడు.

ఇక్కడే ఆయన జీవితంలోని పెద్ద మలుపు ఉంది. పదేళ్లు గడిచేసరికి దాతలు అలసిపోయారు. ఇతరుల అప్పుకు తమ ఆస్తిని ఎన్నాళ్లు పూచీ పెడతారు? వారిలో కరుణ లేక కాదు, ఆ ఏర్పాటులో ఇచ్చేవారు ఒకవైపు, తీసుకునేవారు ఒకవైపు ఉండిపోయారు. 1862లో ఆన్‌హౌసెన్‌లో, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పుట్టిన రుణ సంఘాలు వేరే తీరువి. అప్పు కావలసినవాడే సభ్యుడు. సభ్యుడైన ప్రతివాడూ మిగతావారి బాకీకి తనకున్నదంతా పూచీ. ఈ మార్పు రైఫైజెన్ మనసుకు అంత తేలిక కాలేదు. క్రైస్తవ దానధర్మమే లోకాన్ని నిలుపుతుందని నమ్మిన మనిషి ఆయన. అనుభవం నేర్పినదానికి తలవంచాడు. అప్పటికే చూపు చాలావరకు పోయింది, 1863లో భార్య ఎమీలీ చనిపోయింది, నలభై ఏడో ఏట ఉద్యోగం వదలవలసి వచ్చింది. 1866లో రుణ సంఘాల మీద ఆయన పుస్తకం వెలువడింది. ఆ తర్వాతి కాలమంతా పెద్ద కూతురు అమాలీ ఆయనకు చదివిపెట్టింది, చెప్పింది రాసిపెట్టింది. 1888 మార్చి 11న ఆయన కన్నుమూశాడు. సహకార చరిత్రల్లో అమాలీకి దక్కిన చోటు చాలా చిన్నది. ఆ కాలంలో ఆయన చెప్పిన మాటలు చాలావరకు ఆమె చేతి మీదుగానే లోకంలోకి వెళ్లాయి.

అపరిమిత పూచీ అన్న మాట ఇవాళ వింటే గుండె ఝల్లుమంటుంది. పక్కవాడు అప్పు ఎగ్గొడితే నా పొలం పోతుందా? పోతుంది. అందుకే ఎవరు, ఎందుకు, ఎంత అడుగుతున్నారన్నది అందరికీ పట్టింపైన విషయమైంది. ఆవు కొంటానని తీసుకున్నవాడి కొట్టంలో ఆవుందో లేదో తెలుసుకోవడానికి పట్నం నుంచి ఇన్‌స్పెక్టరు రానక్కర్లేదు. సంఘం ఒక్క ఊరికో, ఒక్క చర్చి పరిధికో మించకూడదని రైఫైజెన్ పట్టుబట్టింది అందుకే. పాలకవర్గానికి జీతం లేదు, లెక్కలు రాసేవారికి మాత్రం కొద్దిగా ముట్టేది. లాభాన్ని పంచుకోకూడదు. మిగులు సొమ్ము నిధిగా ఊరిదై ఉండాలి, ఎవరూ దాన్ని చీల్చుకోకూడదు. రుణం పనికి, తీర్చే గడువు పంటకు తగినంత. పట్నాల్లో చేతివృత్తులవారి కోసం ఇలాంటి సంఘాలే పెట్టిన షుల్ట్సె-డేలిచ్ ఈ నియమాల్లో కొన్నిటితో తీవ్రంగా విభేదించాడు. ఇద్దరి మధ్యా పెద్ద వాదమే నడిచింది. పట్నానికి పట్నం పద్ధతి సరే. పల్లెకు తగిన పద్ధతిని పల్లె మధ్య నిలబడి రాసింది రైఫైజెనే.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని కూడా చెప్పాలి. ఆ కాలంలో రైన్ ప్రాంతపు పల్లెల్లో పశువుల వర్తకులు, చిల్లర రుణదాతలు చాలామంది యూదులు. శతాబ్దాల పాటు భూమి కొననివ్వక, చేతివృత్తుల్లో చేరనివ్వక వారిని ఆ పనుల్లోకే నెట్టింది ఆ సమాజమే. రైఫైజెన్ రాతల్లో వడ్డీ వ్యాపారం మీద కోపం కొన్నిచోట్ల యూదుల మీద ద్వేషంగా మారింది. 2018లో ఆయన రెండు వందలవ జయంతి జరిపినప్పుడు జర్మనీలో ఈ సంగతి చర్చకు వచ్చింది. రావడమే న్యాయం. ఆ పల్లెల్లోని యూదు కుటుంబాల్ని నాజీల పాలన ఊడ్చిపెట్టింది. వెస్టర్‌వాల్డ్ పల్లెల్లో వారి శ్మశానాలు మిగిలాయి. ఒకరికొకరు పూచీ పడే ఊరు, ‘మనవాళ్లు’ అని ఎవరిని లెక్కిస్తుంది, ఎవరిని లెక్కించదు అన్న ప్రశ్నను రైఫైజెన్ మీది గౌరవంతోనే అడగాలి.

ఆ ప్రశ్న మన దాకా వస్తుంది. 1892లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి ఒక పని అప్పగించింది: రైతు అప్పుల బాధకు మందు ఏమిటో చూడమని. మన కోస్తా జిల్లాలూ, తర్వాత రాయలసీమ అని పిలుచుకున్న జిల్లాలూ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆయన యూరప్ పద్ధతులన్నీ పరిశీలించి 1895లోను, 1897లోను రెండు పెద్ద సంపుటాల నివేదిక ఇచ్చాడు. వందల పుటల సారాన్ని చివరికి ఆయన రెండే మాటల్లో పెట్టాడు. ఒక రైఫైజెన్‌ను వెతికి పట్టుకోండన్నది వాటి భావం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. గ్రామ సంఘాలకు అపరిమిత పూచీ ఉండాలని ఆ చట్టమే చెప్పింది. వెస్టర్‌వాల్డ్ రైతు నియమం అలా మన పల్లెకు చట్టమై దిగింది.

దిగింది గాని వేళ్లూనలేదు. స్వాతంత్ర్యం తర్వాత జరిపిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే నివేదిక 1954లో వచ్చింది. రైతు చేసే అప్పుల్లో సహకార సంఘాల వాటా మూడు శాతం దగ్గరే ఉందని తేల్చింది. అపరిమిత పూచీని విడిచిపెట్టి, పెద్ద సంఘాలు పెట్టి, ప్రభుత్వమే వాటాదారుగా చేరాలని సూచించింది. అప్పుడు పూచీ ఊరి నుంచి సర్కారుకు మారింది. దాంతో సంఘం మీద పెత్తనమూ మారింది. ఎన్నికలు వాయిదా పడటం, ప్రత్యేకాధికారులు వచ్చి కూర్చోవడం మనవాళ్లకు అలవాటైన సంగతులు. కాని తప్పంతా సర్కారుదే అనడం నాకు ఇష్టం లేదు. నికల్సన్ మనిషిని వెతకమన్నాడు. వెతకవలసింది ఊరినేమో. యాభై ఎకరాల ఆసామి, అతని కౌలుదారు, మాలపల్లెలోని కూలీ ఒకరి బాకీకి ఒకరు పూచీ పడగల ఊరు మనకు 1904లో లేదు. భూమి కాగితం లేనివాడికి సంఘంలో చోటే లేదు. కౌలురైతు ఇవాళ్టికీ ఆ గడప బయటే ఎక్కువగా నిలబడుతున్నాడు.

లేదని ఊరుకోని చోట్లు కూడా ఉన్నాయి. తెలంగాణలోని ముల్కనూరులో 1956లో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు తన చుట్టూ ఉన్న కొద్దిపాటి ఊళ్ల పరిధిని దాటకుండా, రుణం నుంచి విత్తనం దాకా రైతు పనులన్నీ చూసుకుంటూ పెరిగింది. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన ఆడవాళ్లు ఆ వెంటనే పొదుపు సంఘాలు కట్టారు. పదిమంది, పదిహేనుమంది కూర్చుని, ఒకరి అప్పుకు అందరూ జవాబుదారీ అని ఒప్పుకుని, భూమి కాగితాలు లేకుండానే బ్యాంకు ముందు నిలబడ్డారు. రైఫైజెన్ పేరు వారిలో ఎవరూ విని ఉండకపోవచ్చు. అపరిమిత పూచీలోని ధైర్యాన్ని ఈ నేల మీద నిజంగా అర్థం చేసుకున్నది వారేనని నా నమ్మకం. భూమి లేనివారు, ఊరి పెద్దల లెక్కలో లేనివారు దాన్ని అందుకున్నారు.

వెస్టర్‌వాల్డ్ కూడా ఉన్నచోట ఉండిపోలేదు. అక్కడ సేద్యం మీద బతికేవారు ఇప్పుడు కొద్దిమందే. తక్కినవారు పొద్దున్నే కార్లలో, రైళ్లలో కొలోన్, బాన్, కోబ్లెంజ్ వైపు పనికి వెళ్లి చీకటిపడ్డాక తిరిగొస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో బోసి కొండల మీద ప్రష్యా నాటించడం మొదలుపెట్టిన స్ప్రూస్ అడవులు 2018 నుంచి వరసగా వచ్చిన ఎండలకు బలహీనపడి, బెరడు పురుగు పట్టి వేల ఎకరాల్లో ఎండిపోయాయి. కొండలు మళ్లీ బోసిపోయాయి. ఊరి మేయరు పదవి చిన్న ఊళ్లలో నేటికీ జీతం లేని సేవే. నిప్పంటుకుంటే పరుగెత్తేది ఊళ్లోని స్వచ్ఛంద అగ్నిమాపక దళం, అంటే పొరుగింటి కుర్రాళ్లు, అమ్మాయిలు. శరదృతువులో సెయింట్ మార్టిన్ పండుగకు బంగాళాదుంప తురిమి, పంది మాంసం ముక్కలు కలిపి, మందపాటి ఇనుప పాత్రలో గంటల తరబడి కాల్చే డెప్పెకూఖె వండుతారు. పండుగనాటి పెద్దబాతును కొనలేని ఇళ్ల వంట అది. ఇప్పుడు కొనగలిగినవారూ అదే వండుకుంటారు.

రైఫైజెన్ పేరు మోసే బ్యాంకుల కథలో కొంత వెలితి ఉంది. ఒక్క ఊరికి మించకూడదన్న సంఘాలు ఒకదానితో ఒకటి కలిసిపోతూ జిల్లాలంత పెద్దవయ్యాయి. ఖాతాలు ఫోన్లలోకి వచ్చాక పల్లెల్లోని శాఖలు మూతపడుతున్నాయి. జర్మనీలో సహకార సంఘాల సభ్యులు రెండు కోట్లకు పైగా ఉన్నారు, 2016లో యునెస్కో ఈ సహకార భావనను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది. ఇంత గౌరవం దక్కిన కాలంలోనే, తన ఊళ్లో డబ్బు తీసుకోవడానికి ముసలమ్మ పక్క పట్నానికి బస్సెక్కవలసి వస్తోంది. పెద్దదైతేనే బతుకుతుందని బ్యాంకులవారు చెబుతారు. వారి లెక్క తప్పని అనలేను. చిన్నదిగా ఉండటమే ఆ సంఘపు బలమని పుస్తకం రాసిన మనిషికి మాత్రం ఈ మాట సమ్మతమై ఉండేది కాదు.

అదే సమయంలో పాత పద్ధతి మరో దారిన ఊళ్లలోకి తిరిగొచ్చింది. గ్యోటింగెన్ దగ్గరి యూన్డె పల్లెలో 2005 నాటికి ఊరివాళ్లు సహకార సంఘంగా చేరి, పేడతో, పొలం పంటతో గ్యాసు తయారుచేసి, కరెంటూ ఇళ్లకు వేడినీళ్లూ సొంతంగా సమకూర్చుకున్నారు. జర్మనీలో మొదటి జీవఇంధన గ్రామంగా దానికి పేరొచ్చింది. చివరి కిరాణా కొట్టు మూతపడిన పల్లెల్లో జనం తలా కొంత వాటా వేసి ఊరి కొట్లు తెరుస్తున్నారు. జీతానికి ఉండేవారు ఒకరో ఇద్దరో, సరుకు దించడానికీ లెక్క చూడటానికీ ఊరివారే వంతులు వేసుకుంటారు. సహకార సంఘంగా నడిచే కొట్లలో ఎన్ని వాటాలున్నా మనిషికి ఓటు సాధారణంగా ఒకటే. తరతరాలుగా ఆ ఊళ్లో పొలం దున్నిన రైతుకు ఉన్నదీ, వేరే దేశం నుంచి వచ్చి నిరుడు ఇల్లు అద్దెకు తీసుకుని వాటా కట్టిన మనిషికి ఉన్నదీ ఆ ఒక్క ఓటే.